పైకి మానిన పుండు

జూన్ 4, బుధవారం

పట్టీలా అతికించే మా మందు ఫిల్మ్ పెట్టిన ఎలుకల గాయాలన్నీ మూసుకున్నాయి. మామూలు గాజుగుడ్డ కట్టిన వాటికంటే చాలా ముందే. మా ల్యాబ్ హెడ్ సూర్యప్రకాష్ గారు బోనుల ముందు నుంచుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. "నాగమల్లేశ్వరి గారూ, ఇక మనుషుల దగ్గరికి వెళ్దామండీ" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన గొంతు అలా వినలేదు. ఎథిక్స్ కమిటీకి కాగితాలు పెడతారట. అనుమతి వచ్చేదాకా ఒక్క ఫిల్మ్ కూడా ల్యాబ్ గుమ్మం దాటకూడదని అందరికీ మరోసారి చెప్పారు.

అన్నయ్యకి ఫోన్ చేశాను.

"మన రొయ్య పెంకులతో చేసిందేనా?" అన్నాడు.

"అవే."

"మేం గట్టు మీద పారబోసేవే గదా!" అని షెడ్డంతా వినపడేలా నవ్వాడు. వెనక రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు ఏంటేంటని అడుగుతున్నారు. "మా మల్లి మందు కనిపెట్టింది" అని చెప్తున్నాడు. కనిపెట్టలేదు అన్నయ్యా, ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నాం అంటున్నా వినలేదు.

ఆ పెంకుల మొదటి బస్తా నాగాయలంక నుంచి బస్సులో వచ్చిననాడు ల్యాబంతా ముక్కులు మూసుకుంది. నాకు మాత్రం ఇంటికెళ్ళినట్టుంది. నన్ను చదివించడానికే అన్నయ్య వేట మానేసి రొయ్యల షెడ్డులో చేరాడని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అన్నయ్యని అడిగితే "సముద్రమంటే భయమేసి మానేశా" అంటాడు.

జూన్ 8, ఆదివారం

నాగాయలంక వెళ్ళొచ్చాను. అన్నయ్య మడమ మీద నడుస్తున్నాడు.

కొండలమ్మ వదిన చెప్పకపోతే తెలిసేది కాదు. "చెరువులో ఏదో గుచ్చుకుందంట. ఎప్పుడు గుచ్చుకుందో కూడా తెలీలా మీ అన్నయ్యకి. దుప్పటికి చీము అంటితే నేను చూశా" అంది. ఇన్నేళ్ళ షుగరు. పాదాలకి స్పర్శ పోయి ఎన్నాళ్ళయిందో.

చూశాను. కుడి బొటనవేలి కింద, అరికాల్లో. రూపాయి బిళ్ళంత. అంచులు తెల్లగా కాయకాచి ఉన్నాయి.

విజయవాడ వచ్చి ఆసుపత్రిలో చూపించుకోమన్నాను. అన్నయ్య ముఖం మారిపోయింది.

"మన ఊరి జక్కయ్య సంగతి తెలుసుగా? వేలన్నారు, వేలు తీశారు. పాదమన్నారు, అదీ తీశారు. మోకాలన్నారు. ఆఖరికి మనిషే తిరిగి రాలా. నేను రాను మల్లీ."

"అది వేరు."

"ఏం వేరు? నీ పట్టీ పెట్టు."

"అది ఇంకా మనుషులకి కాదన్నయ్యా."

"మరి ఎలకలకా?" అన్నాడు. వదిన నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత నిజంగానే అడిగాడు, ఎలా పనిచేస్తుందని. పొరలో మందు కలిసి ఉంటుందని, పుండు మీద పెడితే ఒకేసారి కాకుండా రోజుల తరబడి కొంచెం కొంచెం వదులుతుందని, రోజూ కట్టు విప్పి పుండుని కెలకక్కర్లేదని చెప్పాను.

"రొయ్యల మీద ఐసు కరిగినట్టన్నమాట" అన్నాడు.

అలాంటిదే.

జూన్ 9, సోమవారం

కుదరదు. అనుమతి లేనిది లేనట్టే. వేరే ఎవరైనా అడిగితే ఏం చెప్తానో అన్నయ్యకీ అదే.

జూన్ 12, గురువారం

వదిన ఫొటో పంపింది. పుండు పెద్దదయింది.

ఫోన్లో గంటసేపు బతిమాలాను. చివరికి ఫోను వదిన చేతికిచ్చి బయటికెళ్ళిపోయాడట.

జూన్ 15, ఆదివారం

పెట్టాను.

నాలుగు ఫిల్ములు బ్యాగులో వేసుకెళ్ళాను. దొంగతనం అనుకోవడం లేదు. అన్నయ్య పంపిన పెంకులతో చేసినవే. ఎలుకల్లో ఒక్కదానికి కూడా చెడు జరగలేదు. ఆసుపత్రికి ఎలాగూ రాడు. ఏమీ చేయకుండా కూర్చోవడం కంటే ఇది నయం. ఇది నయమే.

ముందు అవనిగడ్డలో ఎక్స్‌రే ఒకటి తీయిద్దామన్నాను. "ఎక్స్‌రే అంటే డాక్టరు. డాక్టరంటే కత్తి" అన్నాడు. నేనూ మరీ పట్టుబట్టలేదు. పుండు పైపైనే ఉన్నట్టు కనపడింది.

సెలైన్‌తో కడిగాను. అంచులు శుభ్రం చేశాను. అన్నయ్య పడక కుర్చీలో వెనక్కి వాలి, కాలు నా ఒళ్ళో పెట్టి, సినిమాకి వచ్చినవాడిలా చూస్తున్నాడు. పెట్టేముందు ఒట్టు వేయించుకున్నాను. జ్వరం వచ్చినా, కాలు వాచినా ఆ రోజే నాకు ఫోన్ చెయ్యాలి, అలా జరిగితే మాట్లాడకుండా ఆసుపత్రికి రావాలి.

నా తల మీద చెయ్యి పెట్టి "సరే" అన్నాడు.

జూన్ 16

ఫోన్ చేశాను. బాగుందన్నాడు.

జూన్ 17

బాగుందన్నాడు.

జూన్ 22, ఆదివారం

కట్టు విప్పాను. కింద గులాబీ రంగులో కొత్త కండ. అంచుల నుంచి చర్మం లోపలికి పాకుతోంది. ఎలుక వీపు మీద ఎన్నిసార్లు చూశానో, మనిషి ఒంటి మీద ఇదే మొదటిసారి. మా అన్నయ్య ఒంటి మీద.

ఏడ్చేశాను. అన్నయ్య వదినని కేకేసి "ఇదిగో, సైంటిస్టు ఏడుస్తంది, వచ్చి చూడు" అన్నాడు. ఫొటోలు తీశాను. కొత్త ఫిల్మ్ పెట్టాను.

అన్నయ్యకి ఒళ్ళంతా చెమటలు. కరెంటు లేదు. నాకూ పట్టాయి.

జూన్ 25, బుధవారం

కమిటీ సమావేశం ఆగస్టులోనట. సూర్యప్రకాష్ గారు నిట్టూర్చారు. "ఈలోగా ఎన్ని కాళ్ళు పోతాయో" అన్నారు. నా ఫోన్లో ఫొటోలున్నాయి. చూపించాలనిపించింది. చూపించలేదు.

సంతోషం ఎవరితోనూ చెప్పుకోలేక గుణదల దాకా నడుచుకుంటూ ఇంటికొచ్చాను.

జూన్ 29, ఆదివారం

శనగగింజంత మిగిలింది.

కట్టు విప్పినప్పుడు కొంచెం వాసన వచ్చింది. షెడ్డు పక్కనే కదా. రొయ్యల వాసన. ఆ ఊళ్ళో ఏది విప్పినా రొయ్యల వాసనే.

అన్నయ్య చూడమంటూ వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. షెడ్డులో అన్నయ్యతో పనిచేసే యేసుబాబు, వాళ్ళావిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చూడటానికొచ్చారు. అన్నయ్య లుంగీ సర్దుకుంటూ పాదం పైకెత్తి వాళ్ళకి చూపించాడు. "ఇది మన పెంకే. మన మల్లి చేసింది."

వదిన బొమ్మిడాయిల పులుసు చేసింది. నా కంచంలోనే వడ్డించింది. అన్నయ్య షెడ్డులో తినొచ్చానన్నాడు. వదిన తల వంచుకుని గిన్నెలు సర్దింది. అలసిపోయినట్టుంది.

రొయ్యల వాసనే.

జూలై 3, గురువారం

వదిన ఫోన్ చేసింది. "మల్లీ, మీ అన్నయ్య..." అంది. అంతలో అన్నయ్య లాక్కున్నాడు. "ఏం లేదు, నీకు ఎండుచేపలు పంపనా వద్దా అని అడగబోతంది" అన్నాడు. పంపమన్నాను.

జూలై 6, ఆదివారం

మూసుకుంది. పూర్తిగా. చర్మం అతుక్కుని మెరుస్తోంది.

"రాసుకో మల్లీ" అన్నాడు. "దీంతో మానిన మొదటి మనిషి మీ అన్న అని రాసుకో. పెద్దబ్బాయి అని నా పేరు, నాగాయలంక అని ఊరి పేరు కూడా వెయ్యి."

రాయకూడదన్నయ్యా, ఇది ఎవరికీ తెలియకూడదు అన్నాను. అయితే నీ సొంత పుస్తకంలో రాసుకో అన్నాడు.

పెద్దబ్బాయి, నాగాయలంక.

పాదం మీద కొంచెం వాపు. కొంచెం వెచ్చగా ఉంది. మానిందని తెగ తిరుగుతున్నాడు కదా. కాలు ఎత్తు మీద పెట్టుకుని పడుకోమని చెప్పాను.

జూలై 9, బుధవారం

పొద్దున వదిన ఫోన్. "నన్ను గుర్తుపట్టట్లా మల్లీ. ఎప్పుడో పోయిన మీ నాన్నతో మాట్లాడతన్నాడు. పడవ తోయమంటన్నాడు."

యేసుబాబు కారు మాట్లాడి తీసుకొచ్చాడు. కంకిపాడు దగ్గర ఎదురెళ్ళి ఎక్కాను. కాలు మోకాలి దాకా ఎర్రగా, బిగిసిపోయి ఉంది. అరికాల్లో నేను మాన్పిన చోటు మాత్రం శుభ్రంగా ఉంది.

జూలై 10, గురువారం

సర్జన్ హర్షవర్ధన్ గారు. చిన్నవాడే. నన్ను పక్కకి పిలిచారు.

"పైన మూసుకుందండీ. కింద ఎముక దాకా పోయింది. చీము బయటికి వచ్చే దారి లేక పైకి ఎక్కింది. నేను కత్తి పెట్టగానే..." ఆగారు. "ఈ మధ్య ఏం కట్టారు దీనికి?"

చెప్పాను. ఏ పదార్థమో, ఏ మందో, ఎంత మోతాదో అన్నీ. రాసుకున్నారు. తిట్టలేదు. "మొదట్లో ఎముక చూసుకుని ఉంటే వేలితో పోయేది కదండీ" అన్నారు. తిట్టినా బాగుండేది.

మోకాలి కింద తీసేశారు.

వరండాలో వదిన కూలబడి ఉంది. జ్వరం ఎప్పట్నుంచీ అని నర్సు అడిగితే, నా వైపు చూస్తూ చెప్పింది. "నువ్వు మొదటిసారి పట్టీ పెట్టి వెళ్ళిన వారం నుంచే. చలి, వణుకు. ఫోన్ చేద్దామంటే ఒప్పుకోలా. నువ్వొచ్చే రోజు పొద్దున్నే నాచేత జ్వరం బిళ్ళ తెప్పించుకుని వేసుకునేవాడు. చెల్లెలి మందు నా వల్ల చెడ్డపేరు తెచ్చుకోగూడదు అనేవాడమ్మా. పుండు మానతంది గదా, జ్వరం అదే పోతదనుకున్నా నేను."

చెమటలు. కరెంటు లేదని రాశాను నేను.

జూలై 11

స్పృహ లేదు.

జూలై 12, శనివారం

సాయంత్రం కాసేపు కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. దుప్పటి కింద ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు చదునుగా ఉంది. అన్నయ్య అటు చూడలేదు.

"ఏడవబాక. పట్టీ మంచిదే గదా?"

"మంచిదే అన్నయ్యా."

"అదీ" అన్నాడు.

జూలై 13, ఆదివారం

అన్నయ్య పోయాడు.

జూలై 23, బుధవారం

పెద్దకర్మ అయింది. షెడ్డు మూసేసి అందరూ వచ్చారు. అందరి నోటా ఒకటే మాట. కోయబట్టి పోయాడు. పుండు మానిన మనిషి, నడిచిన మనిషి, మేమంతా చూశాం, ఆసుపత్రికి తీసుకెళ్ళి కోయించబట్టి పోయాడు. జక్కయ్యకీ ఇంతే చేశారు.

వదిన నాకు తన చేత్తో అన్నం కలిపి పెట్టింది. "నువ్వు చెయ్యగలిగింది చేశావు మల్లీ. నీ చేతి మీద మానింది. వాళ్ళే కాలు తీసి చంపేశారు. నువ్వెందుకు నలిగిపోతావు?"

నిజం గొంతు దాకా వచ్చింది. ఇప్పుడు కాదనుకున్నాను. చెప్తే వదిన ఏమైపోతుంది? ఆ జ్వరం ఏమిటో తెలిస్తే తనిచ్చిన బిళ్ళలు గుర్తొస్తాయి. వదిన కోసమే చెప్పలేదు.

తన చేతి ముద్ద తిన్నాను.

జూలై 28, సోమవారం

సూర్యప్రకాష్ గారికి మొత్తం చెప్పాను. లేచి గది తలుపు మూశారు. ఆయన కోప్పడతారనుకున్నాను. భయపడ్డారు.

"మీ అన్నయ్య గారు మన ట్రయల్‌లో లేరు. మన పరిశోధనలో ఆయన ఎక్కడా లేరు. వచ్చే నెల పద్నాలుగున కమిటీ. ఇది బయటికొస్తే అంతా ఆగిపోతుందండీ. దీనివల్ల నిలబడాల్సిన కాళ్ళ గురించి కూడా ఆలోచించండి. మీరు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు."

చెడ్డవాడు కాదు. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. నాకు కావలసినంత నిజం ఉంది.

ఆగస్టు 2

ఏమీ రాయాలని లేదు.

ఆగస్టు 10, ఆదివారం

వదినని చూడటానికి నాగాయలంక వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

అరుగు మీద కూర్చుని ఉన్నాం. వదిన బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. యేసుబాబు కుంటుకుంటూ వచ్చాడు, వెనక వాళ్ళావిడ. పాదానికి తువ్వాలు చుట్టి ఉంది. చెరువు గట్టు మీద రేకు కోసుకుందట.

"పెద్దబ్బాయి బావకి పెట్టిన పట్టీ ఒకటి ఉంటే ఇయ్యమ్మా" అన్నాడు. "ఆసుపత్రికి పొమ్మని మాత్రం చెప్పబాక. నేను పోను."

వదిన చేట పక్కన పెట్టింది. "పెట్టు మల్లీ. మీ అన్నయ్య పేరు చెప్పి పెట్టు. ఆయన చేతుల మీదుగా ఇచ్చినట్టుంటది."

తువ్వాలు విప్పాను. రెండో వేలు నల్లబడుతోంది. వాసన వచ్చింది. ఈసారి అది రొయ్యల వాసన అనుకోవడానికి నాలో ఏమీ మిగల్లేదు.

"పట్టీ లేదు యేసుబాబూ. ఉన్నా పెట్టను."

"అదేందమ్మా? బావకి మానింది గదా. నేను చూశా."

"మానలేదు."

వదిన నా వైపు చూసింది. యేసుబాబుకి చెప్తున్నట్టే చెప్పాను, కానీ వదినని చూస్తూ చెప్పాను. తల తిప్పుకోలేకపోయాను.

"పైన మూసుకుంది, అంతే. లోపల ఎముక దాకా చీముంది. అది బయటికొచ్చే దారి నేను మూసేశాను. ముందు ఎక్స్‌రే తీయించకుండా పెట్టాను. వాచింది, చూశాను. వాసనొచ్చింది, పీల్చాను. మానుతోందనే అనుకున్నాను. కాలు తీసినందుకు పోలేదు అన్నయ్య. తీయడం ఆలస్యమై పోయాడు. మొదట్లోనే వెళ్ళుంటే వేలితో పోయేదని డాక్టరు నాతో చెప్పాడు. నేను మీకు చెప్పలేదు."

యేసుబాబు వాళ్ళావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయితే ఆ జ్వరం?" అంది వదిన.

"ఆ చీముదే వదినా."

"నేను బిళ్ళలు ఇచ్చానే."

"నీకు తెలీదు. నాకు తెలియాలి."

"ఇచ్చానే" అంది మళ్ళీ. లేచింది. చేట తగిలి బియ్యం అరుగంతా పడ్డాయి. లోపలికెళ్ళి తలుపేసుకుంది. పిలిచాను. గడియ పెట్టిన చప్పుడు వినపడింది.

యేసుబాబు తన పాదం వైపే చూసుకుంటున్నాడు. "మరి నన్నేం చెయ్యమంటావమ్మా?"

"నాతో రా. ఇప్పుడే బస్సుంది."

"కోస్తారా?"

"వేలు పోవచ్చు. కాలు మిగలొచ్చు. మాటివ్వలేను. నేను పక్కనే ఉంటా."

తువ్వాలు మళ్ళీ పాదానికి చుట్టుకున్నాడు. వాళ్ళావిడే లేచి, మెల్లగా అతని చెయ్యి పట్టుకుని లేపింది. బస్సులో మోపిదేవి దాటాక ఏడవడం మొదలుపెట్టింది. చల్లపల్లి దాటినా ఆపలేదు.

హర్షవర్ధన్ గారు నన్ను చూసి గుర్తుపట్టారు. పాదం చూశారు. ఎక్స్‌రేకి పంపారు.

ఆగస్టు 14, గురువారం

కమిటీలో చెప్పాను. అన్నయ్య పేరు, ఊరు చెప్పాను. ఫొటోలు టేబుల్ మీద వరసగా పెట్టాను. రూపాయి బిళ్ళంత, శనగగింజంత, ఏమీ లేనంత. ఆఖరుగా హర్షవర్ధన్ గారిని అడిగి తెచ్చుకున్న ఆపరేషన్ ఫొటో.

సూర్యప్రకాష్ గారు నా వైపు చూడలేదు. అధ్యక్షురాలు ఆ ఆఖరి ఫొటోని చాలాసేపు చేతిలో పట్టుకున్నారు. అనుమతి ఇవ్వలేదు. ఎముక చూడకుండా ఎవరికీ ఇది పెట్టకూడదని, మొత్తం పద్ధతి మళ్ళీ రాసుకుని రమ్మని చెప్పారు. నన్ను ఈ పనిలోంచి తప్పించారు. నా మీద విచారణ ఉంటుంది. ఉండాలి.

బయటికొచ్చాక సూర్యప్రకాష్ గారు మెట్ల దగ్గర ఆగారు. ఏదో అనబోయి, "వర్షమొచ్చేలా ఉంది, వెళ్ళండి" అన్నారు.

ఆగస్టు 17, ఆదివారం

నాగాయలంక వెళ్ళాను. తలుపు తీయలేదు. లోపల గిన్నెల చప్పుడు వినపడుతోంది. అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఆగస్టు 20

వదినకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఆగస్టు 21

ఎత్తలేదు.

ఆగస్టు 24, ఆదివారం

ఈ రోజు వెళ్ళలేదు. మధ్యాహ్నం ఫోన్ మోగింది. వదిన.

హలో అనలేదు, నా పేరు పిలవలేదు. ఊపిరి మాత్రం వినపడింది.

"యేసుబాబు కాలు ఉందా?" అంది.

"ఒక వేలు తీశారు వదినా. కాలు ఉంది. రేపు ఇంటికి పంపిస్తారు."

వదిన ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవట్లేదు.

"సరే" అని పెట్టేసింది.